చంద్రవ్వ ఇంటి గుడ్డు

అత్తమ్మ బకెట్లో నానిన పత్తి చెక్కను చేత్తో పిసుకుతోంది. నేను కోళ్ళగూడు తలుపుకు అడ్డం పెట్టిన రాయి జరిపాను. ముందు పుంజు బయటికొచ్చి రెక్కలు దులుపుకుంది. వెనకాల పెట్టలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి బకెట్ చుట్టూ మూగాయి. అత్తమ్మ పిసికిన చెక్కలో తవుడు కలిపి, ముద్దలు చేసి మట్టిమూకుట్లో వేసింది.

"తినుండ్రి బిడ్డా, తినుండ్రి. బర్రె విడిచిపోయిన సొమ్ము ఇగ మీదే," అన్నది వాటితో.

బర్రెను దసరాకు ముందే అమ్మేశాం. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుని పాలు పితకలేకపోతోంది. నేను దగ్గరికి పోతే బర్రె కాలు ఎత్తేది. మా ఆయన లక్ష్మణ్ ఇచ్చోడ దగ్గర జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. ఆ పక్కనే పత్తి గింజల నుంచి నూనె తీస్తారు. నూనె పోగా మిగిలిన చెక్కను బర్రె కోసం మూటలుగా తెచ్చేవాడు. బర్రె పోయింది గాని చెక్క మూటలు కొట్టంలో అలాగే ఉండిపోయాయి. అత్తమ్మకు పారేయడమంటే పడదు.

"బర్రెకు పాలిచ్చిన చెక్క, కోడికి గుడ్డియ్యదా?" అన్నది ఒకరోజు. ఆ రోజు నుంచి కోళ్ళకూ అదే మేత.

నిజం చెప్పాలంటే గుడ్డు కొంచెం పెరిగింది. అంతకు ముందు నూకలు చల్లేవాళ్ళం, మిగతాది అవే పెరట్లో ఏరుకు తినేవి. చెక్క మొదలుపెట్టాక గుడ్డు చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. అత్తమ్మ ఒక్కో గుడ్డునూ అరచేతిలో పెట్టుకుని, "చూసినవా వందనా, గిది చంద్రవ్వ ఇంటి గుడ్డు," అని తన పేరు తనే చెప్పుకుంటూ నాకు చూపించేది. ఆమె కళ్ళలో వెలుగు చూసి నాకూ సంబరంగా ఉండేది.

ఆ మాట ఆమె ఊరికే అనేది కాదు. మా వాడలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే మొదటి గుడ్లు పోయేది మా ఇంటి నుంచే. ఎవరు పెట్టిన రివాజో తెలియదు, అత్తమ్మ వాళ్ళ అత్త కాలం నుంచీ ఉందంటారు. గంపలో ఊక పోసి, దాని మీద గుడ్లు పేర్చి, అత్తమ్మ తానే నెత్తిన పెట్టుకుని పోతుంది. పచ్చి గుడ్డు, నువ్వుల నూనె కలిపి పిల్లకు తాపుతారు; నూనె ఆ ఇంటివాళ్ళది, గుడ్డు మాది. పైసలు తీసుకోదు. పెళ్ళిళ్ళయి పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు కూడా మా గుమ్మం ముందు నిలబడి, "నేను నీ ఇంటి గుడ్డు తాగి లేచినదాన్నే పెద్దమ్మా," అని అత్తమ్మతో అంటుంటే విన్నాను. నేను లక్సెట్టిపేట పక్క పల్లె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, ఇంటి గురించి మొదట తెలుసుకున్న సంగతి ఇదే.

చెక్క మేత మొదలైన కొత్తల్లోనే మా ఎదురింటి ఎల్లక్క మనవరాలు హర్షిణి పెద్దమనిషి అయింది. అత్తమ్మ గంప ఎత్తుకుని పోయింది. ఆ తర్వాత కూడా వీలైనప్పుడల్లా కొన్ని గుడ్లు పంపుతూనే ఉంది. పత్తి ఏరడం అయిపోయాక పిల్లకు చీర కట్టించే ఫంక్షన్ చేస్తామని ఎల్లక్క చెప్పింది.

ఒకరోజు సాయంత్రం అత్తమ్మ ఇంటి ముందు గద్దె మీద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఎల్లక్క ఆటో దిగి, చేతిలో పెద్ద సంచితో మా ఇంటి ముందు నుంచి పోతోంది. మామూలుగా అయితే ఆగి, కూర్చుని, నీళ్ళు తాగి గాని పోదు. ఆ రోజు తల వంచుకుని నడుస్తోంది.

"ఏం ఎల్లక్కా, గా సంచిల ఏం తెస్తున్నవ్?" అని అత్తమ్మే పలకరించింది.

"ఏం లేదు వదినే. ఇచ్చోడ పోయిన. ఉల్లిగడ్డలు."

సంచి పైన అట్ట ట్రే అంచు బయటికి కనిపిస్తోంది.

"ఉల్లిగడ్డలను గూడ ఇప్పుడు అట్టల పండవెట్టి అమ్ముతున్నరా?" అన్నది అత్తమ్మ.

ఎల్లక్క ముఖం చిన్నబోయింది. "పొల్ల రోజూ తాగాలె గద వదినే. నిన్ను ఎన్నిసార్లు సతాయించాలె? నీకు మాత్రం ఎన్ని కోళ్ళున్నయి?"

"నువ్వు అడిగితే నేను లేదన్ననా?"

"అనలేదు తియ్యి," అంటూ ఎల్లక్క తన ఇంట్లోకి పోయింది.

అత్తమ్మ నూనె సీసా మూత పెట్టడం మరిచిపోయింది. లోపలికొచ్చి, "ఫారం గుడ్డు! కాలు మన్నుకు తగలని కోడి గుడ్డు! నా ఇంటి ముంగటికెల్లి తీస్కపోతుంది," అన్నది. ఆ రాత్రి అన్నం సగమే తిన్నది.

రెండు రోజుల తర్వాత, తెచ్చుకున్న చాట తిరిగి ఇచ్చే నెపంతో నేను ఎల్లక్క ఇంటికి పోయాను. ఆమె వంటింట్లో ఉంది. నేను చాట గోడకు ఆనించి, అక్కడే నిలబడ్డాను. నేను అడగలేదు. కాని కదలకుండా నిలబడితే ఎదుటివాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడతారు.

"ఏంది కోడలా, గట్ల చూస్తున్నవ్?" అన్నది. కాసేపు గిన్నెలు సర్దింది. తర్వాత, "నీకు చెప్తగని మీ అత్త చెవిల వెయ్యకు," అని, మూలనున్న కుండలోంచి ఒక గుడ్డు తీసింది. అది మా ఇంటి గుడ్డే. గిన్నెలో పగలగొట్టి నా ముందు పెట్టింది.

సొన పసుపుగా లేదు. పాచి పట్టిన నీళ్ళ రంగులో, గోధుమ రంగుకు తిరిగి ఉంది. చుట్టూ తెల్లసొనలో సన్నగా గులాబీ ఛాయ.

"వాసన చూడు. మురగలే. మురిగితే పారేస్తుంటి, అయిపోతుండె," అన్నది ఎల్లక్క. "పొల్ల చూసి కక్కుకుంది. ఒక్కటని గాదు, దాచిపెట్టిన ప్రతి గుడ్డూ గంతే. వదినె కావాలని పాత గుడ్లు ఇచ్చిందని నేను అంటలేను. కని కళ్ళతోని చూసినంక పిల్లకు ఎట్ల తాపుత చెప్పు?"

"మా ఇంట్లో పసుపుగనే ఉంటున్నయి చిన్నత్తా."

"గదే గద! మీ ఇంట్ల మంచిగుంటయి, మా ఇంటికి రాంగనే పాడైతయా?" అని, మిగతా మాట నమిలి మింగేసింది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. మంచివి ఇంట్లో ఉంచుకుని, చెడ్డవి ఇచ్చారని.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ కూరలోకి గుడ్లు కొడుతోంది. పొద్దున పెట్టినవే. సొన చక్కగా పసుపుగా ఉంది. ఎల్లక్క అబద్ధం చెప్పలేదు, మా కళ్ళూ అబద్ధం చెప్పడం లేదు. మరి తేడా ఎక్కడుంది? వంట అవుతున్నంతసేపూ అదే ఆలోచించాను. మా ఇంట్లో గుడ్డు నిలవ ఉండదు, ఏ రోజుది ఆ రోజే. ఎల్లక్క ఇంట్లో కుండలో దాచి, రోజుకొకటి తీస్తారు. కోళ్ళు పాతవే, పెరడు పాతదే. కొత్తగా వచ్చింది చెక్క ఒక్కటే.

ఊరికే అనుకుంటే సరిపోదు. మా గుడ్డు ఒకటి తీసి బొగ్గుతో గీత పెట్టాను. పక్క వాడలో కొమురెల్లి మామ ఇంట్లో కోళ్ళు జొన్నలు తప్ప వేరే మేత ఎరగవు. అక్కడి నుంచి ఒక గుడ్డు అడిగి తెచ్చాను. రెండింటినీ ఊక గంపలో పక్కపక్కన పెట్టి, గంపను అటక మీదికి ఎక్కించాను. చలికాలం కాబట్టి గుడ్డు తొందరగా మురగదు. మధ్యలో ఒకసారి అత్తమ్మ, "అటక మీద ఏం బంగారం దాచినవ్, మాటిమాటికి చూస్తున్నవ్?" అని అడిగింది.

ఎల్లక్క ఇంట్లో గుడ్డు ఎంతకాలం నిలవ ఉంటుందో అంతకాలం ఆగి, గంప దించాను. రెండు సాసర్లలో రెండు గుడ్లు కొట్టాను. కొమురెల్లి మామ ఇంటి గుడ్డు పసుపుగా నిలబడింది. మాది పాచి రంగులో ఉంది.

సాసర్లు దాచలేదు. వంటింటి గడప దగ్గర పెట్టి, పక్కనే నిలబడ్డాను. అత్తమ్మ పెరట్లోంచి కాళ్ళు కడుక్కుని వచ్చి, చూసి ఆగింది.

"గిదెవలి గుడ్డు?"

"మనదే అత్తమ్మా."

"మురిగింది."

"వాసన చూడుండ్రి."

వంగి వాసన చూసింది. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి అక్కడే కింద కూర్చుంది. "పక్కది?"

"కొమురెల్లి మామ ఇంటిది. రెండూ ఒక్కనాడు దాచినయే. మనయి చెక్క తిన్నయి, వాళ్ళయి తినలేదు."

మా సాసర్‌ను దగ్గరికి జరుపుకుంది. "ఎల్లక్క చూసింది గిదేనా?"

"అవును."

"పొల్ల తాగిందా?"

"తాగలే. చూసి కక్కుకుందట."

అప్పుడు నా ముఖంలోకి చూసింది. "మా కోడలికి నోరు లేదని నలుగుర్ల సంబురపడ్డ. నోరు లేకున్నా నీకు చేతులు బాగనే ఉన్నయి." కోపమో మెచ్చుకోలో నాకు తెలియలేదు. లేచి, పెరటి తలుపు దాకా పోయి, అక్కడి నుంచే అన్నది: "బర్రెకు అచ్చినది కోడికెందుకు అచ్చి రాలే?"

"బర్రె కడుపు వేరు, కోడి కడుపు వేరేమో అత్తమ్మా."

"ఏమోనట! గిన్ని చేసినంక ఏమోనట!"

మర్నాడు చెక్క మూటలు కొమురెల్లి మామ బర్రెల దగ్గరికి పోయాయి. అత్తమ్మ మేత మూకుడు తెచ్చి నా ముందు పెట్టింది. "నేటిసంది నువ్వే వెయ్యి. నా చెయ్యి అచ్చి రాలే," అన్నది. చిన్నప్పటి నుంచి కోళ్ళను సాకిన చెయ్యి అది. అది చెడ్డ చెయ్యి కాదని నాకు తెలుసు. నూకలు మాత్రమే తింటే కోడికి బలం చాలదని కనిపెట్టింది ఆమే. దారి ఒక్కటే తప్పింది.

నేను మేత మార్చాను. జొన్నలు, పగలగొట్టిన మక్కజొన్న గింజలు, కొన్ని నూకలు. చెక్క ఇచ్చిన బలం ఇంకోదారిన ఇవ్వాలి కదా. లక్ష్మణ్‌తో కొన్ని సోయా గింజలు తెప్పించి, పెనం మీద బాగా వేయించి, దంచి కలిపాను. పచ్చివి వేస్తే కోడికి అరగవు. మా అమ్మగారింటి దగ్గర గోదావరి ఒడ్డున దొరికే గుల్లలను దంచి కోళ్ళకు వేస్తారు, పెంకు గట్టిపడుతుందని. తమ్ముడితో ఒక సంచి తెప్పించాను. మా ఇంటి గుడ్డు పెంకులను కూడా కాల్చి, పొడి చేసి వేశాను. పచ్చి పెంకు అలాగే వేస్తే కోడి దాని రుచి మరిగి సొంత గుడ్డునే పొడుచుకు తింటుంది. మునగాకు, తోటకూర మొదళ్ళు గోడకు వేలాడదీశాను. నీళ్ళ చిప్పను నీడలోకి జరిపి పూటపూటా కడిగాను.

అత్తమ్మ మంచం మీద కూర్చుని చూసేది. చెయ్యి కలిపేది కాదు. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"మక్కలు గన్ని వెయ్యకు. కొవ్వు పట్టి గుడ్డు ఆపుతయి."

తగ్గించాను.

"గా నల్ల పెట్టను చూడు, ఒక్కదాన్నీ తిననిస్తలేదు. దాని మూకుడు వేరే పెట్టు."

వేరే పెట్టాను.

"గా కొత్త పెట్ట గుడ్డు చూసి పరేషాన్ గాకు. తొలిగుడ్లు చిన్నగనే ఉంటయి. నువ్వు బంగారం తినవెట్టినా గంతే."

ఒకరోజు పొద్దున లేచేసరికి అత్తమ్మ పెరట్లో లేదు. కాసేపటికి పొలం గట్టు దిక్కు నుంచి పాత కుండ పట్టుకుని వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆ కుండలో గోనె ముక్క, ఎండుపేడ వేసి, నీళ్ళు చల్లి, పుట్ట పక్కన బోర్లించి వచ్చిందట. నాకు చెప్పనేలేదు. కుండ తిప్పి దులిపింది. తెల్లటి చెదలు కుప్పగా రాలాయి. కోళ్ళు ఎగబడ్డాయి.

"గిది మా అవ్వ నేర్పింది. నీ సోయాల కన్న ముందటిది," అన్నది. ఆ తర్వాత కుండ పని ఆమెదే అయింది.

పెట్టల జుట్లు ఎర్రబడ్డాయి. ఈకలు నిగనిగలాడాయి. గుడ్డు పెంకు ఎంత గట్టిపడిందంటే గిన్నె అంచుకు ఒకసారి కొడితే పగిలేది కాదు. సైజు కూడా తగ్గలేదు. లక్ష్మణ్ భోజనం దగ్గర, "నాకు పచ్చిపులుసు, కోళ్ళకు వేయించిన సోయాలు. వచ్చే జన్మల ఈ ఇంట్ల కోడినై పుడ్త," అన్నాడు. "పుంజువైతే పండుగకు కోస్త," అన్నది అత్తమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం అప్పుడే విన్నాను.

కాని నాకు లోపల ఒక భయం ఉంది. చెక్క ఆపిన కొన్నాళ్ళకు దాచి చూసిన గుడ్డులో పాచి రంగు ఇంకా అంచున మిగిలే ఉంది. కోడి ఒంట్లోంచి అది పూర్తిగా పోవాలంటే ఎంతకాలం పడుతుందో మాలో ఎవరికీ తెలియదు.

ఆ సందిగ్ధంలో ఉండగానే ఎల్లక్క కుంకుమ భరిణె పట్టుకుని పిలుపుకు వచ్చింది. అత్తమ్మకు బొట్టు పెట్టింది, నాకూ పెట్టింది.

"ఆదివారం పొల్లకు చీర కట్టిస్తున్నం వదినే. నువ్వు ముంగట ఉండాలె."

"ఉండకుంటే ఎట్ల?"

"ఉత్తచేతులతోని రా. ఏం తేకు. నీకు తిప్పలెందుకు?"

"మంచిది," అన్నది అత్తమ్మ.

అత్తమ్మ పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఈ వాడలో ఎవరూ ఆమెను ఉత్తచేతులతో రమ్మనలేదు. ఎల్లక్క పోయాక అత్తమ్మ లేచి, అటక మీది గంప తనే దించింది. ఆ రోజు పెట్టిన గుడ్లలో రెండింటిని ఏరి, బొగ్గుతో గీతలు పెట్టి, ఊకలో దాచింది. మిగతా రోజుల గుడ్లను కూరకు వాడనివ్వలేదు. అన్నీ గంపలోకే పోయాయి. ఆదివారం దాకా మా ఇంట్లో పప్పే.

ఆదివారం పొద్దున ఎదురింట్లో డోలు మొదలైంది. టెంట్ కింద కుర్చీలు వేస్తున్నారు. అత్తమ్మ స్నానం చేసి, అంచు చీర కట్టుకుని, వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. ఊకలోంచి గీత పెట్టిన గుడ్డు ఒకటి తీసింది. చేతిలో ఒకసారి తిప్పి చూసింది. గిన్నె అంచుకు కొట్టింది. పగలలేదు. మళ్ళీ కొట్టింది.

సొన గిన్నెలో జారి, మధ్యలో ముద్దగా నిలబడింది. పండిన మామిడి రంగు. ఎక్కడా మచ్చ లేదు, అంచున కూడా లేదు. తెల్లసొన నీళ్ళలా తేటగా ఉంది.

అత్తమ్మ గిన్నెను వెలుతురు దిక్కు తిప్పింది. వేలితో సొన అంచు తాకి చూసింది. గంప ముందుకు లాక్కుని ఊక సర్ది, గుడ్లన్నీ ఒక్కొక్కటిగా పేర్చింది. పెద్దవి చుట్టూ, కొత్త పెట్ట గుడ్లు నడుమ. చివరికి గీత పెట్టిన రెండో గుడ్డును తీసింది. గంపలో అన్నిటికన్నా ఎక్కువ రోజులు నిలవ ఉన్న గుడ్డు అదే. దాన్ని కింద దాచలేదు. బొగ్గు గీత అందరికీ కనబడేలా అన్నిటి పైన పెట్టింది.

అప్పుడు నాకు అర్థమైంది. పిల్లకు తాపడానికి టెంట్ కింద అంతమంది ముందు ఎల్లక్క మొదట పగలగొట్టబోయేది పైనున్న ఆ గుడ్డునే.

ఆ గంపలో నేను వేయించిన సోయాలున్నాయి, ఆమె మోసుకొచ్చిన చెదల కుండ ఉంది. అంత ధైర్యంగా పాత గుడ్డును పైన పెట్టగలిగే మనిషి ఇంట్లో నేను కోడలినని నాకు గర్వం కలిగింది. "అత్తమ్మా, ఆగుండ్రి, నేను గూడ వస్త," అనబోయాను.

ఆమె అప్పటికే కొంగును చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. గంప ఎత్తమన్నట్టు నా వైపు చూసింది. రెండు చేతులతో ఎత్తి నెత్తిన పెట్టాను. మోకాళ్ళు నొప్పి పెట్టే మనిషి, ఒక చెయ్యి కూడా గంపకు ఆనించకుండా, మెడ నిటారుగా పెట్టుకుని గడప దాటింది. ఎల్లక్క ఇంటి దిక్కు నడిచిపోయింది.